భుజం పట్టేస్తే ఎమ్మారై తీయించాల్సిందేనా?

నెల్లూరు_అమ్మాయి: మా అమ్మకు 54 ఏళ్లు, షుగర్ ఉంది. కొన్ని నెలలుగా కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోలేకపోతోంది, రాత్రి అటు ఒత్తిగిలి పడుకోలేదు. డాక్టర్ గారు చెయ్యి తిప్పి చూసి ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు, ఎక్స్‌రే ఒక్కటే రాశారు. అది నార్మల్ వచ్చింది. ఎమ్మారై లేకుండా ఖాయంగా ఎలా చెప్తారని ఇంట్లో ఒకటే టెన్షన్.

ఫిజియో_విశాఖ: చెప్పొచ్చండీ. మోచేయి నడుముకు ఆనించి, ముంజేతిని బయటివైపు తిప్పమంటాం. తనంతట తాను తిప్పలేకపోవడమే కాదు, మనం పట్టుకుని తిప్పినా రాదు. కీలు చుట్టూ ఉండే పొర బిగుసుకుపోయిందనడానికి అదే గుర్తు. రొటేటర్ కఫ్ (భుజం కీలును చుట్టి పట్టి ఉంచే కండరాల కొసలు) చిరిగితే సాధారణంగా రోగి చెయ్యి ఎత్తలేరు గానీ, మనం ఎత్తితే లేస్తుంది. కీలు అరిగినా, ఎముక వెనక్కి జారినా భుజం ఇలాగే పట్టేస్తుంది. ఎక్స్‌రే అవి లేవని తేల్చడానికే. 1934లో ఈ జబ్బుకు 'ఫ్రోజెన్ షోల్డర్' అని పేరు పెట్టిన అమెరికన్ సర్జన్ కాడ్‌మన్ కూడా ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ కనిపించదనే రాశారు.

కరీంనగర్_రవి: నేను ఒప్పుకోను. మొదట్లో నొప్పే ఎక్కువ, బిగువు తక్కువ. అప్పుడు చేత్తో తేల్చడం కష్టం. ఎమ్మారైలో చంక దగ్గర పొర మందం, వాపు కనిపిస్తాయి. కోరకోహ్యూమరల్ లిగమెంట్ (భుజం ఎముకలను కలిపి ఉంచే ఒక కట్టు) 4 మిల్లీమీటర్ల దాకా మందమెక్కితే అదీ ఒక ఆధారమే. ముందే తెలిస్తే మంచిది కదా?

ఫిజియో_విశాఖ: మొదటి దశ గురించి మీరన్నది నిజమే రవి గారూ. అనుమానం తీరనప్పుడు నేనూ తీయించమంటాను. దెబ్బ తగిలినా, జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, ఇదివరకు క్యాన్సర్ వచ్చినా అసలు ఆలస్యం చేయకూడదు. కానీ ఈ అమ్మగారిది అలాంటి కేసు కాదు. వయసు మీద పడ్డాక ఏ నొప్పీ లేని భుజాల్లో కూడా ఎమ్మారైలో చిరుగులు కనిపిస్తాయి. రిపోర్టులో 'పార్షియల్ టియర్' (కొంతమేర చిరుగు) అన్న మాట చూసి, ఉన్న బిగువు సంగతి వదిలేసి, ఆపరేషన్ కోసం తిరిగేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

నెల్లూరు అమ్మాయి గారూ, మూడు నెలల షుగర్ సగటు, థైరాయిడ్ చూపించారా? ఈ రెండు జబ్బులున్నవాళ్లకు భుజం పట్టేయడం ఎక్కువ. కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తామంటే షుగర్ సంగతి ముందే చెప్పండి, కొన్ని రోజులు పెరుగుతుంది.

నెల్లూరు_అమ్మాయి: థైరాయిడ్ ఎప్పుడూ చూపించలేదండీ. రేపు పొద్దున్నే తీసుకెళ్తాను.