జూన్ 20 పిల్లల ప్రోగ్రాం: యుస్రా మార్దినీ భాగం ఎవరు చూస్తారు?

కార్యక్రమాల కమిటీ: అందరికీ నమస్కారం. ఈసారి మన బెర్లిన్ వేసవి మేళా ప్రపంచ శరణార్థుల దినం నాడే పడింది. హాలు పక్కనున్న సిరియా కుటుంబాలను కూడా పిలుస్తున్నాం. అందుకే పిల్లల చేత యుస్రా గురించి ఏదైనా చేయిద్దాం. డమాస్కస్‌లో నాన్న దగ్గర ఈత నేర్చుకున్న అమ్మాయి. ఇక్కడికొచ్చాక స్పాండావ్ 04 క్లబ్బులో సాధన చేసి, శరణార్థుల జట్టులో 2016 రియో ఒలింపిక్స్‌కు వెళ్లింది.

పిల్లల టీమ్: నేను చూస్తా. స్కిట్ వేయిద్దాం. నాలుగు నీలం చీరలు అటూ ఇటూ పట్టుకుని ఊపితే సముద్రం రెడీ. 2015లో టర్కీ నుంచి గ్రీసు దీవి లెస్బోస్‌కు వెళ్తుంటే పడవ ఇంజన్ ఆగిపోయింది కదా. తనూ, వాళ్లక్క సారా, ఇంకో ఇద్దరూ నీళ్లలోకి దిగి మూడు గంటలకు పైగా పడవను ముందుకు నెట్టిన సీన్. పిల్లలు అదరగొడతారు!

ఆహ్వానాలు: అక్కా, ఒక్క మాట. ఆరేడుగురు పట్టే రబ్బరు పడవలో ఇరవై మంది దాకా ఎక్కారు. మనం పిలిచేవాళ్లలోనూ అలా వచ్చినవాళ్లు ఉండొచ్చు. వాళ్ల ముందు ఆ సీన్ వేసి మనం చప్పట్లు కొడితే ఏం బాగుంటుంది? పైగా అందరూ ఆ పడవ దగ్గరే ఆగిపోతారు. రియోలో 100 మీటర్ల బటర్‌ఫ్లై ఈతలో తన హీట్‌లో (తొలి రౌండ్ పోటీలో) ఫస్ట్ వచ్చింది, సెమీస్‌కు టైమింగ్ చాల్లేదు. ఆ మరుసటి ఏడాది 2017లో, పందొమ్మిదేళ్లకే ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థకు గుడ్‌విల్ అంబాసిడర్ అయింది. శరణార్థులూ మనలాంటి మామూలు మనుషులేనని ఊరూరా తిరిగి చెబుతోంది. నాకైతే ఆ భాగమే ముఖ్యం.

పిల్లల టీమ్: సరే, చీరలు దాండియాకు వాడేద్దాం. మరి ఏం చేయించను తమ్ముడూ? స్లైడ్లు పెడితే పిల్లలు బయటికి పరుగో పరుగు.

ఆహ్వానాలు: రిలే పెట్టండి. మన పిల్లలూ వాళ్ల పిల్లలూ కలిసిన జట్లు. రియోలో పదిమంది శరణార్థుల జట్టు ఒలింపిక్ జెండా కిందే నడిచింది కాబట్టి జట్లకు దేశాల పేర్లు వద్దు, రంగులు చాలు. మధ్యలో రెండు నిమిషాలు యుస్రా గురించి నేను చెబుతా, జర్మన్‌లో కూడా. వచ్చినవాళ్లలో ఎవరైనా మాట్లాడతామంటే మైకు ఇద్దాం, అంతేగానీ "మీరెలా వచ్చారు" అని మాత్రం ఎవరూ అడగొద్దు, ప్లీజ్.

కోశాధికారి: విరాళాల పెట్టె అంటే లెక్కల టెన్షన్. ఆమె ఫౌండేషన్ క్యూఆర్ కోడ్ గోడకు అతికిద్దాం, ఇచ్చేవాళ్లు నేరుగా ఇస్తారు.

వంట: పులిహోర, పెరుగన్నం ఖాయం. బిర్యానీకి చికెన్ హలాల్ షాపులోనే తీసుకుందాం, బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి పెట్టండి. పొద్దున్నే ఉల్లిపాయలు కోయడానికి ఇద్దరు కావాలి. పేర్లివ్వండి.