దుకాణం, ఇల్లు పెద్దకొడుక్కి ఇప్పుడే రాసివ్వాలా, వీలునామా సరిపోతుందా?

పాతూరు దుకాణదారు, అనంతపురం

మా నాన్నగారికి డెబ్బై ఒక్క ఏళ్లు. పాతూరులో స్టీలు సామాన్ల దుకాణం ఆయన పేరు మీదే నడుస్తోంది. దుకాణం గది, దాని మీది ఇల్లు ఆయన సంపాదనతో కొన్నవి. ఊళ్లో తాతగారి నుంచి వచ్చిన మూడెకరాల చీనీ తోట ఉంది. నేను దుకాణం చూసుకుంటాను. తమ్ముడికి బెంగళూరులో ఉద్యోగం. చెల్లెలిని కడపకు ఇచ్చాం. పోయిన వారం బంధువుల్లో పెద్దవాళ్లు వచ్చి, "వీలునామా రాస్తే కోర్టులో పడుతుంది, దుకాణం, ఇల్లు పెద్దవాడికి ఇప్పుడే గిఫ్ట్ రిజిస్ట్రేషన్ చేసెయ్యి" అని నాన్నగారికి గట్టిగా చెప్పారు. లాభం నాకే. అయినా నా మనసు ఒప్పడం లేదు. తెలిసినవారు చెప్పండి.

వన్‌టౌన్ వాసి, కర్నూలు

మీ పెద్దలు చెప్పిందే సరైనది. మా పెదనాన్న వీలునామా రాసి, రిజిస్టర్ కూడా చేయించారు. సాక్షులిద్దరూ ఆయన ఈడువారు, ఆయన కన్నా ముందే కాలం చేశారు. ఏడేళ్లుగా వాయిదాలకు తిరుగుతున్నాం. దానపత్రం, అంటే గిఫ్ట్ పత్రం, అలా కాదు. రిజిస్టర్ అయిన రోజే హక్కు మారుతుంది. రాసిన మనిషి బతికే ఉంటాడు, అనుమానం ఉన్నవాళ్లు ఆయన్నే అడగవచ్చు. పైగా ఆ పత్రం రాయనే లేదని ఎవరైనా ప్రత్యేకంగా కాదంటే తప్ప సాక్షిని కోర్టుకు పిలవనక్కరలేదు. వీలునామాకు ఆ వెసులుబాటు చట్టం ఇవ్వలేదు. ఎవరూ కాదనకపోయినా కనీసం ఒక సాక్షి వచ్చి చెప్పాలి. ఏది గట్టిదో మీరే చూడండి.

విశ్రాంత దస్తావేజు లేఖరి, కడప

కర్నూలు మిత్రుడు చట్టం సరిగానే చెప్పారు, కానీ ఆయన కథలో తప్పు వీలునామాది కాదు, సాక్షుల ఎంపికది. డెబ్బై ఏళ్ల మనిషికి డెబ్బై ఏళ్ల సాక్షులను పెట్టడం నేను వృత్తిలో ఉన్నన్నాళ్లూ చూసిన పొరపాటు. సాక్షులు లేకుండా పోయినా దారి మూసుకుపోదు. వారిలో ఒకరి చేతిరాతను, రాసినవారి సంతకాన్ని రుజువు చేయవచ్చు. కష్టమే, కానీ చట్టంలో ఉన్న దారి.

వీలునామాకు స్టాంపు సుంకం లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఎప్పుడైనా చేయించుకోవచ్చు. సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచుకునే ఏర్పాటు 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. ఎన్నిసార్లయినా మార్చి రాసుకోవచ్చు. ప్రొబేట్, అంటే వీలునామా చెల్లుతుందని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, ఆ మాట విని చాలామంది భయపడతారు. చెన్నై, ముంబై, కోల్‌కతా నగరాలకు చాలాకాలం వేరే నియమం ఉండేది కానీ, మన జిల్లాల్లో రాసి, ఇక్కడి ఆస్తికే సంబంధించిన హిందువుల వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి కాదు.

దానపత్రం సంగతి వేరు. ఒకసారి రాసిచ్చి, కొడుకు పుచ్చుకున్నాక తండ్రి తనంతట తాను రద్దు చేయలేడు. ఇంకొక మాట, చెప్పడానికి నోరు రాదు గానీ చెప్పాలి. ఇల్లు రాసిచ్చాక, భగవంతుడు అలా చేయకూడదు, కొడుకే ముందు పోతే? వీలునామా లేకుండా పోయిన హిందూ పురుషుడి మొదటి తరగతి వారసుల్లో భార్య, పిల్లలు, తల్లి ఉంటారు. తండ్రి ఉండడు. తాను కట్టిన ఇంట్లో ఆ తండ్రికి వాటా లేదు. ఈ సంగతి సంతకం పెట్టించే ముందు ఎవరూ చెప్పరు.

ప్రొద్దుటూరు ఆడపడుచు

లేఖరిగారు చెప్పినదాని మీద నా ఇంటి సంగతి రాస్తున్నాను. నాన్న పోయాక అమ్మ తన పేరున ఉన్న ఇంటిని అన్నయ్యకు దానపత్రంగా రాసింది. పత్రంలో "ప్రేమాభిమానాలతో" అని ఉంది తప్ప అమ్మను చూసుకోవాలన్న మాట ఒక్కటీ లేదు. రెండేళ్లలో అమ్మకు వంటింట్లో చోటు లేకపోయింది. ఇప్పుడు నా దగ్గరే ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉందని, చూసుకోకపోతే దానం రద్దవుతుందని తెలిసి ఆర్డీఓ దగ్గరికి వెళ్లాం. అక్కడ మొదట అడిగింది, పత్రంలో షరతు ఏదీ అని. 2022లో సుప్రీంకోర్టు ఆ షరతు ఉండాలని చెప్పింది. 2025 జనవరిలో ఇంకొక తీర్పులో మాత్రం ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా అన్వయించాలంది. ఆ రెండు తీర్పుల మధ్య మా అమ్మ ఎదురుచూస్తోంది. అన్నా, మీరు మంచివారే కావచ్చు. మా అన్నయ్య కూడా సంతకం రోజున మంచివాడే.

వన్‌టౌన్ వాసి, కర్నూలు

అమ్మా, మీ బాధ విన్నాక నా మాట కొంత సవరించుకుంటాను. అయితే దానపత్రంలోనే తండ్రికి జీవితకాల అనుభవ హక్కు ఉంచి, పోషణ షరతు స్పష్టంగా రాయించవచ్చు కదా. బతికున్నంతకాలం అనుభవం తనకే ఉంచుకుని ఇచ్చిన దానం కూడా చెల్లుతుందని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు మెట్లెక్కిన ఇల్లు మాది. మా పిల్లలకు ఆ అవస్థ వద్దనే నా పట్టుదల.

విశ్రాంత దస్తావేజు లేఖరి, కడప

అది మంచి పత్రమే, నేనూ రాశాను. కానీ రేపు పెద్ద ఆపరేషన్‌కు డబ్బు కావాలంటే ఆ ఇల్లు అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా కొడుకు సంతకం కావాలి. కొడుకుకు అప్పులైతే అతని హక్కు జప్తుకు వస్తుంది. తండ్రి చేతిలో ఆస్తి ఉన్నంతకాలం ఇంట్లో ఆయన మాటకు విలువ ఉంటుంది. దాన్ని కోర్టు భయంతో వదులుకోమనడం నాకు న్యాయంగా తోచదు.

ఇక తోట. పెద్దలు దాని ఊసే ఎత్తలేదు, గొడవంతా అక్కడే మొదలవుతుంది. పిత్రార్జితమైతే 2005 సవరణ ప్రకారం ఆడబిడ్డకూ కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా స్పష్టం చేసింది. పెళ్లిలో పసుపు కుంకుమ కింద ఇచ్చాం కాబట్టి సరిపోయిందన్న మాట ఇక్కడ చెల్లదు. అయితే తాత నుంచి వచ్చిందంతా పిత్రార్జితమని కూడా అనుకోవద్దు. 1956 తర్వాత తాత వీలునామా లేకుండా పోయి ఆయన సొంత భూమి మీ నాన్నగారికి వారసత్వంగా వచ్చి ఉంటే, అది నాన్నగారి సొంత ఆస్తే. భాగపరిష్కారంలో వచ్చిందా, వారసత్వంగా వచ్చిందా? పాత దస్తావేజు, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం), వన్‌బీ (భూమి హక్కుల రికార్డు) తీసి చూడండి.

ఆదోని పన్నుల సలహాదారు

అందరూ గోడల గురించే మాట్లాడుతున్నారు. దుకాణమంటే గది ఒక్కటే కాదు. సరుకు, రావలసిన బాకీలు, కట్టవలసిన బాకీలు, బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు, జీఎస్టీ నంబరు కూడా. గది మీ పేరు మీదికి మారినా ఇవన్నీ నాన్నగారి పేరునే ఉంటాయి. సొంత పేరున వ్యాపారం చేసే మనిషి పోతే ఆయన జీఎస్టీ నంబరు వారసుడికి రాదు. మీరు కొత్తది తీసుకుని, మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను (సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నులో వాడుకోకుండా ఉన్న జమను) ఐటీసీ-02 ఫారంతో బదిలీ చేయించుకోవాలి. భాగస్వామ్యంగా మార్చుకుంటే పత్రంలో ఒక వాక్యం తప్పక ఉండాలి: భాగస్వామి చనిపోయినా సంస్థ కొనసాగుతుందని. అది లేకపోతే 1932 చట్టం ప్రకారం ఆ రోజుతో సంస్థ రద్దవుతుంది. ఇద్దరే భాగస్వాములైతే ఆ వాక్యం కూడా కాపాడదు, కాబట్టి మూడో మనిషిని చేర్చండి.

బ్యాంకులో నామినీని పెట్టాం కదా అనుకోకండి. 2025 నవంబరు 1 నుంచి నలుగురిని పెట్టుకోవచ్చు. కానీ నామినీ సొమ్ము అందుకునేవాడే, ఆ పేరుతోనే యజమాని అయిపోడు. వీలునామాలో ఒక పేరు, నామినేషన్‌లో ఇంకొక పేరు ఉంటే తగాదాను మీరే రాసిపెట్టినట్లు.

పాతూరు దుకాణదారు, అనంతపురం

అందరికీ నమస్కారం. ఇదంతా నాన్నగారికి చదివి వినిపించాను. ప్రొద్దుటూరు అమ్మాయి రాసింది రెండుసార్లు చదవమన్నారు. గిఫ్ట్ మాట ఇప్పటికి ఆపేశారు. తోట కాగితాల పెట్టె తాళం నాకిచ్చి, ఆదివారం చెల్లెలు, తమ్ముడు వచ్చాక ముగ్గురూ కలిసి తెరవమన్నారు. గది నాకు, ఇంట్లో ముగ్గురికీ వాటా అని వీలునామా రాయాలనుకుంటున్నారు. నాకు సమ్మతమే. దుకాణం లెక్కలు ఆదోని వారు చెప్పినట్లు విడిగా రాయడం మొదలుపెట్టాను. ఒక్క సందేహం: తమ్ముడి మామగారు సాక్షి సంతకం చేస్తానంటున్నారు. చేయవచ్చా?

విశ్రాంత దస్తావేజు లేఖరి, కడప

వద్దు నాయనా. తమ్ముడికి వాటా వస్తున్నప్పుడు ఆయన సంతకం రేపు అనుమానానికి తావిస్తుంది. నాన్నగారిని చూసే వైద్యుడిని ఒకరిగా, నలభై లోపు వయసున్న పక్క దుకాణం వారిని ఇంకొకరిగా అడగండి. ఇద్దరూ నాన్నగారు సంతకం పెడుతుండగా చూసి, ఆయన ఎదుటే సంతకాలు చేయాలి. ఆ రోజే ఆయన స్పృహలో, బుద్ధి నిలకడగా ఉన్నారని వైద్యుడి చేత విడిగా ఒక ధ్రువపత్రం తీసుకోండి.