హెచ్చరిక దీపం వెలగదు, ఐడ్లింగ్‌లో ఇంజిన్ వణుకుతుంది: ముందు పార్టులు మార్చాలా, కొలతలు తీయాలా?

ఖమ్మం బండి:
నాది 2016లో కొన్న 1.2 లీటర్ల, నాలుగు సిలిండర్ల పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. ఇప్పటికి 78 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్ వేడెక్కాక సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో ఆపితే ఆర్‌పీఎం ముల్లు 750 దగ్గర కదలకుండా నిలబడుతుంది. కానీ వారంలో ఒకటి రెండు రోజులు, ఏ సూచనా లేకుండా ముల్లు 600కు జారుతుంది, మళ్ళీ 900 దాకా లేస్తుంది, రెండు మూడు నిమిషాలు అలాగే ఊగిసలాడుతుంది. ఆ కాసేపూ అద్దంలో వెనుక బండి నంబరు చదవలేనంతగా వణుకు వస్తుంది. తరువాత ఏమీ జరగనట్టే సర్దుకుంటుంది. చెక్ ఇంజిన్ దీపం ఒక్కసారి కూడా వెలగలేదు.

సర్వీసు సెంటరుకు రెండుసార్లు తీసుకెళ్ళాను. మొదటిసారి త్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలిని నియంత్రించే భాగం) శుభ్రం చేసి, నాలుగు ప్లగ్గులూ మార్చారు. మూడు వారాలు బాగానే నడిచి మళ్ళీ మొదటికొచ్చింది. రెండోసారి స్కానర్ పెట్టి, బండి కంప్యూటర్‌లో లోపం కోడ్ ఏదీ లేదు కాబట్టి స్కానర్ చెప్పేది కూడా ఏమీ లేదని, ప్లగ్గులకు కరెంటు అందించే కాయిళ్ళు నాలుగూ మార్చి చూద్దామని, అప్పటికీ తగ్గకపోతే ఇంజెక్టర్ల సంగతి ఆలోచిద్దామని అన్నారు. నేను ఒప్పుకోకుండా బండి తెచ్చేసుకున్నాను. కోడ్ లేని లోపానికి ఇలా ఒక్కొక్క పార్టూ మార్చుకుంటూ పోవడం తప్ప మార్గం లేదా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

ఓరుగల్లు గ్యారేజీ:
అయ్యా, నేను 22 ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను. సర్వీసు సెంటరు వాళ్ళను తప్పు పట్టే ముందు మా వైపు మాట కూడా వినమని కోరుతున్నాను. అప్పుడప్పుడు వచ్చే మిస్సింగ్ (ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండకపోవడం) మా షెడ్డుకు వచ్చేసరికి ఉండదు. బండిని రెండు రోజులు ఉంచుకుని, సాయంత్రాలు తిప్పి, లోపం దొరికాక, ఆ వెతికిన కష్టానికి కూలి అడిగితే "ఏం మార్చారని అడుగుతున్నారు?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. పార్టుకు డబ్బు ఇచ్చే చేయి, వెతికినందుకు ఇవ్వదు. అందుకే మేము ఎక్కువగా చెడిపోయే వాటితో మొదలుపెడతాము.

అలా మొదలుపెట్టడం గుడ్డిగా చేసే పని కూడా కాదు. 78 వేలకు ప్లగ్గులు ఎలాగూ మార్చవలసినవే. గ్యాప్ పెరిగిన ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజీ కావాలి, ఆ బరువు కాయిల్ మీద పడుతుంది, బలహీనపడ్డ కాయిల్ వేడెక్కినప్పుడే చేతులెత్తేస్తుంది, చల్లబడితే మామూలుగా పనిచేస్తుంది. మీ లక్షణానికి ఇది సరిగ్గా సరిపోతుంది. వాల్వ్ కవర్ గాస్కెట్ కారి ప్లగ్గు గుంటలోకి ఆయిల్ దిగినా ఇదే వరస. ఒక్క మాటలో మాత్రం మీతో ఏకీభవిస్తాను: నాలుగు కాయిళ్ళూ ఒకేసారి కొనడం అనవసరం. రెండో సిలిండర్ కాయిల్‌ను మూడో దానికి మార్చి, మిస్సింగ్ కూడా దానితోపాటు వెళ్ళిందో లేదో చూస్తే చాలు. ముల్లు కదలకుండా బాడీ మాత్రమే వణికి ఉంటే ఇంజిన్ ఫౌండేషన్ రబ్బర్లు చూడమనేవాడిని. మీకు ముల్లే ఊగుతోంది కాబట్టి అది కాదు.

కొలతల మనిషి:
గ్యారేజీ గారి కష్టం నిజమే. అయినా "కోడ్ లేదు కాబట్టి స్కానర్ చెప్పేది ఏమీ లేదు" అన్న మాటను మాత్రం అలా వదిలేయలేను, ఎందుకంటే ఆ ఒక్క మాట వల్లే ఎంతోమంది అక్కరలేని పార్టులు కొంటున్నారు.

కోడ్ అంటే లోపం కాదు, లోపం ఒక హద్దు దాటి కొంతసేపు నిలిచిందన్న నమోదు. ఓబీడీ-2, అంటే బండి తన లోపాలను తానే పరీక్షించుకునే విధానంలో, మిస్‌ఫైర్‌ను (మిస్సింగ్‌నే అలా అంటారు) సాధారణంగా రెండు లెక్కల్లో చూస్తారు: పొగను శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేసేంత తీవ్రమైన దాన్ని 200 క్రాంక్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) చుట్లలో, కాలుష్యాన్ని పెంచేపాటి దాన్ని 1000 చుట్లలో. 750 ఆర్‌పీఎం దగ్గర 200 చుట్లు తిరగడానికి 16 సెకన్లు, 1000 చుట్లకు 80 సెకన్లు పడుతుంది. రెండో రకం లోపం ఒక ప్రయాణంలో కనిపిస్తే కంప్యూటర్ దాన్ని పెండింగ్‌గా మాత్రమే రాసుకుంటుంది. మరో ప్రయాణంలోనూ కనిపిస్తేనే దీపం వెలిగిస్తుంది. చాలా బండ్లలో గతుకుల రోడ్డు మీద ఈ లెక్కింపే ఆగిపోతుంది, ఎందుకంటే చక్రాల కుదుపు క్రాంక్ వేగంలో మిస్‌ఫైర్ లాగే కనబడుతుంది. మన రోడ్ల మీద ఇది చిన్న విషయం కాదు. ఇంధన మిశ్రమం సంగతీ అంతే. ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి కంప్యూటర్ పెట్రోలును పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ దిద్దుబాటునే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అది ప్లస్ (పెంపు) లేదా మైనస్ (తగ్గింపు) 5 శాతం లోపల ఉంటే ఆరోగ్యం, 10 దాటితే అనుమానం. కోడ్ పడాలంటే చాలా బండ్లలో అంతకు రెట్టింపు దాటి, అక్కడే కొంతసేపు నిలవాలి. అంటే అనుమానానికీ దీపానికీ మధ్య చాలా పెద్ద మైదానం ఉంది, మీ బండి ఆ మైదానంలో తిరుగుతోంది.

కాబట్టి ఖమ్మం గారూ, వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ ఒకటి కొని, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి మామూలుగా బండి నడపండి. చవక అడాప్టర్లు సెకనుకు కొన్ని విలువలే చదవగలవు కాబట్టి పది పదిహేను ఎంచుకోకుండా ఆర్‌పీఎం, షార్ట్ టర్మ్ ట్రిమ్ (అప్పటికప్పటి దిద్దుబాటు), లాంగ్ టర్మ్ ట్రిమ్ (నేర్చుకుని నిలుపుకున్న దిద్దుబాటు), మానిఫోల్డ్ ప్రెషర్ (సిలిండర్లలోకి గాలి వెళ్ళే గొట్టంలోని ఒత్తిడి), పర్జ్ వాల్వ్ (ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే వాల్వ్) ఆదేశం, ఈ ఐదే ఎంచుకోండి. వణుకు వచ్చిన రోజు తారీఖు, సమయం, ఏసీ వేసి ఉందా, ట్యాంకులో ఎంత పెట్రోలు ఉంది, చివరగా ఎప్పుడు పోయించారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాయండి. అప్పటిదాకా దయచేసి ఎవరినీ బ్యాటరీ టెర్మినల్ తీయనివ్వవద్దు. తీస్తే చాలా బండ్లలో కంప్యూటర్ నేర్చుకున్న ట్రిమ్ విలువలు, పెండింగ్ నమోదులు చెరిగిపోతాయి. సాక్ష్యాన్ని మన చేతులతో మనమే తుడిచేసినట్లవుతుంది.

విశాఖ తీరం:
ఇంత వెతుకులాట దేనికండీ? ఇదంతా ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లే. 2016 బండి దానికోసం తయారైనది కాదు.

కొలతల మనిషి:
ఇథనాల్‌కు కావలసిన గాలి నిష్పత్తి సుమారు 9కి 1, శుద్ధ పెట్రోలుకు 14.7కి 1. పది శాతం మిశ్రమం నుంచి ఇరవై శాతానికి మారితే ట్రిమ్ సుమారు 4 శాతం పైకి జరగాలి, ప్రతి రోజూ, ప్రతి వేగం దగ్గరా జరగాలి. పాత బండ్లలో రబ్బరు గొట్టాలు, సీళ్ళ విషయంలో మీ ఆందోళన న్యాయమైనదే, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఒకే ట్యాంకులోని పెట్రోలుతో సోమవారం వణికి, గురువారం వణకని ఇంజిన్‌కు అది ఒక్కటే కారణం కాలేదు.

మిషిగన్ నుంచి:
నేను ఇక్కడ ఇంజిన్ కాలిబ్రేషన్ పనిలో ఉన్నాను. కొలతలు తీయమన్న సలహాతో నాకు పేచీ లేదు. కొలతను చదివే పద్ధతి గురించే ఒక హెచ్చరిక. "గాలి లీకు ఉంటే ఐడ్లింగ్‌లో ట్రిమ్ పెరుగుతుంది, 2500కు లేపితే తగ్గుతుంది" అన్న సూత్రం ఇంటర్నెట్ నిండా ఉంది. గాలిని ఎయిర్ ఫ్లో సెన్సర్‌తో తూచే బండ్లకు అది నిజం, ఎందుకంటే లీకులో దూరిన గాలి ఆ సెన్సర్‌ను దాటకుండా లోపలికి వచ్చేస్తుంది. భారతదేశంలో చాలా చిన్న పెట్రోలు కార్లలో ఆ సెన్సర్ ఉండదు. మానిఫోల్డ్‌లోని ఒత్తిడిని బట్టి గాలిని లెక్క కడతారు. లీకు గాలి కూడా ఆ ఒత్తిడిలో కలిసే ఉంటుంది కాబట్టి కంప్యూటర్ దానికి తగ్గ పెట్రోలు తానే పోస్తుంది, ట్రిమ్ పెద్దగా కదలదు. ఐడ్లింగ్ పెరగబోతుంది, దాన్ని అణచడానికి త్రాటిల్ ఇంకా మూసుకుంటుంది. అలాంటి బండిలో ట్రిమ్ మాత్రమే చూసి లీకు లేదని తేల్చేస్తే, పార్టులు మార్చే వారు చేసే పొరపాటునే కొలతల పేరుతో చేసినట్లవుతుంది. వేడెక్కిన ఇంజిన్ ఐడ్లింగ్‌లో సముద్రమట్టం దగ్గర మానిఫోల్డ్ ఒత్తిడి మామూలుగా 30 నుంచి 40 కిలోపాస్కల్ మధ్య ఉంటుంది. బాగున్న రోజు మీ బండి చూపించే అంకెను ముందు రాసుకోండి, చెడిన రోజు అంకెను దానితోనే పోల్చండి.

బెజవాడ సీఎన్‌జీ:
ఖమ్మం గారి బండికి గ్యాస్ కిట్ ఉందో లేదో రాయలేదు. ఉంటే వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్‌కూ దాన్ని తెరిచే భాగానికీ మధ్య ఉండే సన్నని ఖాళీ) తప్పక చూపించుకోండి. గ్యాస్ మీద ఎక్కువ తిరిగిన ఇంజిన్‌లో వాల్వ్ సీట్లు అరిగి క్లియరెన్స్ తగ్గుతుంది, వేడి మీద వాల్వ్ పూర్తిగా మూసుకోక మిస్సింగ్ వస్తుంది, దానికీ చాలాసార్లు దీపం వెలగదు. నా బండికి ఇదే జరిగింది.

ఖమ్మం బండి:
గ్యాస్ కిట్ లేదండి. పదకొండు రోజుల రికార్డింగ్ పూర్తయింది. వణుకు మూడుసార్లు వచ్చింది.

బాగున్న రోజుల్లో లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 3, షార్ట్ టర్మ్ సున్నాకు అటూ ఇటూ, మానిఫోల్డ్ ఒత్తిడి 34. వణుకు వచ్చిన మూడుసార్లూ షార్ట్ టర్మ్ కొన్ని సెకన్లలోనే మైనస్ 19 దాకా పడిపోయింది, ఒత్తిడి 39కి పెరిగింది, పర్జ్ వాల్వ్ ఆదేశం మాత్రం సున్నా దగ్గరే ఉంది. కాగితం చూస్తే మరో సంగతి బయటపడింది: మూడుసార్లూ బంకులో ట్యాంకు నింపించుకున్న రోజే, అదీ మధ్యాహ్నం ఎండలో. గన్ క్లిక్ మన్నాక కూడా చిల్లర లేకుండా లెక్క సరిచేయడానికి ఇంకో అర లీటరో లీటరో పోయించడం నాకు అలవాటు. ప్లగ్గులు మార్చాక బాగున్న మూడు వారాల రసీదులూ తీసి చూశాను. ఆ రోజుల్లో ఒక్కసారి కూడా ట్యాంకు నింపించలేదు, ఐదు వందలకో వెయ్యికో పోయించుకున్నాను.

కొలతల మనిషి:
మైనస్ 19 అంటే ఇంజిన్‌లోకి లెక్కలో లేని ఇంధనం చేరుతోందని అర్థం. ఆదేశం సున్నాగా ఉన్నప్పుడు పర్జ్ వాల్వ్ మూసుకుని ఉండాలి. మీది మూసుకోకుండా ఇరుక్కుని ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని మానిఫోల్డ్‌లోకి వదులుతున్నట్లుంది. ఈసారి వణుకు వచ్చినప్పుడు బండిని పక్కకు ఆపి, వాల్వ్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య ఉన్న సన్న గొట్టాన్ని గుడ్డ చుట్టిన ప్లయర్‌తో మెల్లగా నొక్కి పట్టండి. ఫ్యాన్ బెల్టుకు చేతులు దూరంగా ఉంచండి. గొట్టం నొక్కగానే ముల్లు 750కి వచ్చి నిలిస్తే, కాయిళ్ళ మీద పెట్టబోయిన డబ్బు మీ జేబులోనే ఉంటుంది.

ఓరుగల్లు గ్యారేజీ:
అంకెలు చూశాక కాయిల్ మీద నా అనుమానాన్ని వెనక్కు తీసుకుంటున్నాను. కానీ ఈ పదకొండు రోజుల పని ఖమ్మం గారు తన బండికి తాను చేసుకున్నారు. అదే పని నా షెడ్డులో నేను చేసి ఉంటే ఆ కూలి ఎవరు ఇచ్చేవారు? రెండు గంటల పరీక్షకు ఇంత అని ముందే చెప్పి, పార్టు మార్చినా మార్చకపోయినా తీసుకునే పద్ధతికి బండి యజమానులు ఒప్పుకునేదాకా, మేము ప్లగ్గులతోనే మొదలుపెడతాము.

పని విషయానికి వస్తే, వాల్వ్ ఒక్కటే మార్చి ఊరుకోవద్దు. క్లిక్ తరువాత కూడా పోయిస్తే ద్రవ పెట్రోలు చార్‌కోల్ క్యానిస్టర్‌లోకి (ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి) చేరుతుంది. లోపలి బొగ్గు గింజలు పాడై, పొడిగా మారి, గొట్టం గుండా వచ్చి వాల్వ్ సీటు మీద ఇరుక్కుంటాయి. పాత వాల్వ్ విప్పాక దాన్ని తెల్ల కాగితం మీద బోర్లించి, స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. ఏమీ రాలకపోతే వాల్వ్ మారిస్తే సరిపోతుంది. నల్లని నలుసులు రాలితే, క్యానిస్టర్ మార్చకుండా కొత్త వాల్వ్ పెట్టినా కొన్నాళ్ళకు అది కూడా ఇలాగే తెరుచుకుని ఉండిపోతుంది.

ఖమ్మం బండి:
నిన్న మధ్యాహ్నం వణుకు వచ్చింది. గొట్టం నొక్కి పట్టగానే ఐదారు సెకన్లలో ముల్లు 750కి వచ్చి ఆగింది, వదిలితే మళ్ళీ ఊగింది; నమ్మకం కోసం మూడుసార్లు చేసి చూశాను. ఈ ఉదయం దగ్గరలోని మెకానిక్‌తో, వెతకడానికి పట్టిన సమయానికి కూడా కూలి ఇస్తానని ముందే చెప్పి, వాల్వ్ విప్పించాను. కాగితం మీద తట్టగానే చిటికెడు నల్ల పొడి, ఆవగింజలో సగం ఉన్న గింజలు నాలుగైదు రాలాయి. క్యానిస్టర్ కూడా తెప్పించమని చెప్పాను, ఎల్లుండి వస్తుందట. అది బిగించాక రెండు ట్యాంకుల పాటు, క్లిక్ దగ్గరే ఆపించి, రికార్డింగ్ తీసి ఆ అంకెలు ఇక్కడే పెడతాను.