నిద్రలో మెదడు తరంగాలు చూసి పిల్లల తెలివి చెప్పేస్తారట, నమ్మొచ్చా?

బెజవాడ అమ్మ:
ఆదివారం మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఒక కంపెనీ వాళ్ళు డెమో పెట్టారు. నుదుటికి ఒక పట్టీ కట్టుకుని పడుకుంటే పొద్దున్నకల్లా పిల్లాడి మెదడుకి ఇన్ని మార్కులని ఫోన్‌లో వచ్చేస్తుందట. నిద్రలో స్లీప్ స్పిండిల్స్ అనేవి వస్తాయనీ, అవి ఎంత బలంగా ఉంటే ఐక్యూ అంత ఎక్కువనీ, ఇదంతా విదేశాల్లో రుజువైందనీ స్లైడ్లు వేసి మరీ చూపించారు. మా వాడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, హాస్టల్లో ఉంటాడు. ఈ మధ్య వీక్లీ టెస్టుల్లో బాగా వెనకబడ్డాడు. ఆ టెస్టు చేయించమంటారా? తెలిసినవాళ్ళు చెప్పండి.

లెక్కల మాస్టారు:
దండగ. నా సర్వీసంతా ఎంసెట్, ఐఐటీ బ్యాచ్‌లకే సరిపోయింది. బోర్డు మీద ఒక లెక్క వేసి ఐదు నిమిషాలు చూస్తే ఏ పిల్లాడిలో సరుకుందో తెలిసిపోతుంది. దానికి నిద్రపోతున్నవాడి నెత్తికి పట్టీలెందుకు?

నైట్ డ్యూటీ:
నేను హైదరాబాద్‌లో ఒక స్లీప్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. రాత్రంతా స్క్రీన్ మీద చూసేది ఇవే కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

స్పిండిల్స్ కంపెనీ వాళ్ళు కల్పించినవి కావు. 1935లోనే అమెరికాలో లూమిస్ బృందం వాటి గురించి రాసింది. కునుకు దాటి నిద్రలోకి జారాక, ఎన్2 అనే దశలో, సెకనుకి 11 నుంచి 16 సార్లు ఊగే అలలు ఒక్కసారిగా గుంపుగా లేచి, నడుమ లావై, మళ్ళీ సన్నబడి ఆగిపోతాయి. మొత్తం కలిపి అర సెకను, మహా అయితే రెండు మూడు సెకన్లు. మెదడు లోతుల్లో థాలమస్ అనే భాగం దగ్గర పుడతాయి. వాటిని పట్టుకోవడానికి మేము టేపుతో తల కొలిచి, పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, పాపిడి తీసి, చర్మం మీద జిడ్డు పోయేలా రుద్ది, పేస్టుతో ఎలక్ట్రోడ్లు అంటిస్తాం. పొద్దున ఆ పేస్టు జుట్టుకి పట్టుకుని వదలదు, పేషెంట్లు మమ్మల్ని తిట్టుకుంటూ పోతారు. ఇంత చేసినా పక్కకి ఒత్తిగిలితే ఒక తీగ ఊడి కూర్చుంటుంది. వేగంగా ఊగే స్పిండిల్స్ నడినెత్తి దగ్గర బాగా కనిపిస్తాయి. నుదుటి మీద పట్టీతో వాటిని కచ్చితంగా కొలుస్తామంటే నాకు నమ్మకం తక్కువ.

ఇక ఐక్యూ సంగతి. సంబంధం ఉంది, కానీ చిన్నది. 2014లో జర్మనీ, హంగరీ వాళ్ళు కలిసి 160 మంది నిద్రని చూశారు. ఆడవాళ్ళలో వేగమైన స్పిండిల్స్ ఎత్తుకీ, తెలివి పరీక్షలో వచ్చిన మార్కులకీ పొంతన కనిపించింది. మగవాళ్ళలో కనిపించలేదు. ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే సహసంబంధం, అంటే రెండు విషయాలు ఎంత కలిసి మారతాయో చెప్పే అంకె (అసలు పొంతన లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1), 0.2 చుట్టుపక్కల తేలుతుంది. దాన్ని వర్గం చేస్తే 0.04. అంటే మనిషికీ మనిషికీ మధ్య ఉండే తేడాలో నూటికి నాలుగు వంతులే దీనితో ముడిపడి ఉన్నాయి. అదీ గుంపు మొత్తం మీద చెప్పే మాట. మీ ఒక్క అబ్బాయి గురించి అది ఏమీ తేల్చలేదు. పైగా పుర్రె మందాన్ని బట్టి, వయసుని బట్టి కూడా ఆ ఎత్తు మారిపోతుంది.

ఊరకే చూసేవాడు:
అయితే రోజూ పన్నెండు గంటలు పడుకునే మా బామ్మర్ది ఐన్‌స్టీన్ అన్నమాట.

లెక్కల మాస్టారు:
నూటికి నాలుగు. దండగ అని నేను ఒక్క ముక్కలో చెప్పిందే మీరు పేజీడు రాశారు. కానీ ఒక సందేహం. ఆడవాళ్ళలో ఉండి మగవాళ్ళలో లేకపోవడం ఏమిటి? ఎక్స్‌కి పనిచేసిన సూత్రం వైకి పనిచేయలేదంటే ఆ సూత్రమే తప్పు.

నైట్ డ్యూటీ:
మాస్టారూ, అది సూత్రం కాదు, ఒక కొలత. 160 మందిని ఆడా మగా అని విడదీస్తే ఒక్కో వైపు మిగిలేది కొద్దిమందే. దాన్ని పట్టుకుని మగవాళ్ళకి వర్తించదని తీర్పు చెప్పలేం.

లెక్కల మాస్టారు:
తీర్పు చెప్పలేనప్పుడు అచ్చెందుకు వేశారు?

డల్లాస్ తెలుగోడు:
ఏ పిల్లాడిలో సరుకుందో ముందే తెలిసిపోతుందన్న మాస్టారి మాటలో కొంత నిజం ఉంది. 2008లో ఇటలీలో కవలల నిద్ర తరంగాలు పోల్చి చూశారు. ఒకే పోలికతో పుట్టిన కవలల్లో స్పిండిల్స్ ఊగే వేగాల దగ్గర ఆ తరంగాల గీతలు దాదాపు ఒకేలా ఉన్నాయి. అంటే పుట్టుకతో వచ్చేదే. మరో విషయం, స్పిండిల్స్ పెంచే నిద్రమాత్రలు ఉన్నాయని చదివాను. అవి వాడితే?

నైట్ డ్యూటీ:
దయచేసి ఆ ఆలోచన ఎవరూ పెట్టుకోకండి. 2013లో స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్నవాళ్ళకి ఎస్జోపిక్లోన్ అనే నిద్రమాత్ర ఇచ్చి చూస్తే స్పిండిల్స్ పెరిగాయి. జ్ఞాపకంలో మాత్రం, మందు వేసుకున్నవాళ్ళకీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. గీతలు పెరిగినంత మాత్రాన బుర్ర పెరగదు. ఇక పుట్టుకతో వచ్చేది గీతల తీరు. పిల్లాడి ర్యాంకు పుట్టుకతో వస్తుందని ఆ కవలల అధ్యయనం ఎక్కడా చెప్పలేదు.

బెజవాడ అమ్మ:
మా వాడి హాస్టల్లో రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్. పొద్దున ఐదింటికి బెల్. మధ్యాహ్నం ఫోన్ చేస్తే గొంతులో నిద్ర తెలుస్తుంటుంది. ఇంట్లో ఉన్నప్పుడు టెన్త్‌లో క్లాస్ ఫస్ట్ వచ్చినవాడు. అసలు నిద్రే లేనప్పుడు ఆ స్పిండిల్స్ ఎక్కడ్నుంచి వస్తాయి?

నైట్ డ్యూటీ:
మంచి ప్రశ్న. 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ స్లీప్ మెడిసిన్ అకాడమీ 2016లో చెప్పింది. ఎన్2 నిద్ర తెల్లవారుజామున కూడా చాలా ఉంటుంది. ఐదింటికి లేపితే పోయేది అదే.

లెక్కల మాస్టారు:
అమ్మా, అదే బెల్‌కి లేచిన పిల్లలు ఆ పక్క గదిలోనే ర్యాంకులు కొడుతున్నారు. మరి వాళ్ళకి నిద్ర చాలిందా? కోపం తెచ్చుకోకండి గానీ, ర్యాంకు రానప్పుడల్లా తల్లిదండ్రులకి ఒక సాకు కావాలి. నిన్నటిదాకా మెస్ తిండి, ఇవాళ నిద్ర.

ఓరుగల్లు పిల్లోడు:
సాకు అంటున్నరు గదా సార్, నన్ను మీలాంటి సారే ఫస్టియర్‌లో ఒక్క టెస్టు చూసి లాస్ట్ సెక్షన్‌కి పంపిండు. ఆ సెక్షన్‌కి మంచి లెక్చరర్లను ఇయ్యలే, డౌట్ అడుగుదామంటే దిక్కు లేదు. ఆఖరికి రిజల్ట్ చూసి "నేను అప్పుడే చెప్పిన" అన్నడు. ఐదు నిమిషాల్ల సరుకు తెలుస్తదా? సరుకు మీరే తీసేసిన్రు.

లెక్కల మాస్టారు:
బాబూ, మీ సార్ చేసినదానికి నన్నెందుకు నిలదీస్తావు? సరే, మొహమాటం లేకుండా చెప్పేస్తాను. పిల్లాడిలో లేని సరుకుని ఉందని నమ్మించి, వాడి తండ్రి చేత అప్పు చేయించి, లాంగ్ టర్మ్ కోచింగ్‌లో ఇంకో ఏడాది కూర్చోబెట్టేవాళ్ళని చూశాను. అంతకంటే నీకిది రాదు నాయనా, వేరే దారి చూసుకో అని ముందే చెప్పేవాడు నయం. అది క్రూరత్వమంటే అనుకోండి.

బెజవాడ అమ్మ:
మీరు రాదన్న పిల్లాడికి రెండు నెలలు కడుపునిండా నిద్ర ఇచ్చి, అప్పుడు బోర్డు దగ్గర నిలబెట్టారా ఎప్పుడైనా? మాస్టారూ, నాకు ఆ టెస్టు ఎందుకో చెప్తాను వినండి. వాణ్ణి ఇంటికి తీసుకొచ్చేద్దామని నేనంటే మా ఆయన ఒప్పుకోవడం లేదు. ఏదో ఒక కాగితం చేతిలో ఉంటే, మార్కు తక్కువ వచ్చినా ఎక్కువ వచ్చినా, దాన్ని చూపించి ఆయన నోరు మూయిద్దామని. నా మాట మీద నమ్మకం లేదు గానీ ప్రింటౌట్ మీద ఉంటుంది కదా ఈ మగాళ్ళకి.

డల్లాస్ తెలుగోడు:
మాకెందుకండీ ఈ దెబ్బ :)

నైట్ డ్యూటీ:
అమ్మా, తక్కువ మార్కు వస్తే ఆ కాగితం మీ అబ్బాయి చేతికి కూడా వెళ్తుంది. వాడు దాన్ని నిజమనుకుంటాడు. మీ గొడవ మీ ఇద్దరి మధ్యే పెట్టుకోండి, ఆ పట్టీని మాత్రం మధ్యకి తేకండి. ఒక్కటి చెప్పండి, అబ్బాయి గురక పెడతాడా?

బెజవాడ అమ్మ:
గట్టిగా పెడతాడు. నోరు తెరుచుకునే పడుకుంటాడు. రూమ్‌మేట్స్ గొడవ చేస్తున్నారని వార్డెన్ ఫోన్ కూడా చేశాడు. అలసట అనుకున్నాం.

నైట్ డ్యూటీ:
ఈ వారంలోనే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. టాన్సిల్స్ చూస్తారు, అవసరమనుకుంటే స్లీప్ స్టడీ రాస్తారు. ఐక్యూ చెప్పడం ఆ స్టడీకి రాదు. నిద్రలో ఊపిరి ఆగుతోందో లేదో మాత్రం కచ్చితంగా చెబుతుంది. మీ వారికి చూపించడానికి కాగితమే కావాలంటే అది పనికొచ్చే కాగితం.

లెక్కల మాస్టారు:
గురకకీ ఇంటిగ్రేషన్‌కీ ఏమిటి సంబంధం?

నైట్ డ్యూటీ:
రాత్రంతా ఊపిరి ఆగి ఆగి ఆడుతుంటే, పగలు మీ క్లాసులో వాడు చేసేది ఇంటిగ్రేషన్ కాదు మాస్టారూ, కునికిపాట్లు.