దూరం ఒకటే అయినప్పుడు ఫ్లైట్ టైమ్ ఎందుకు మారుతుంది?

దారిచూపు: లండన్ నుంచి న్యూయార్క్‌కి దాదాపు 5,550 కిలోమీటర్లు. విమానం గంటకు 900 వేగంతో వెళ్తే ఆరు గంటల పైచిలుకు. టికెట్ మీదేమో ఎనిమిది గంటలు, తిరుగు ప్రయాణం ఏడు. దూరం ఒకటే కదండీ, ఈ మిగతా గంటలు ఎక్కడివి?

నీలిమేఘం: అంత ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంది. లండన్‌కి వస్తే తోస్తుంది, న్యూయార్క్‌కి వెళ్తే ఎదురు. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలుల్లో ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది.

రవికిరణం: భూమి తిరగడం వల్ల కాదా?

నీలిమేఘం: కాదండీ. భూమితో పాటు గాలీ తిరుగుతుంది, అందులో ఎగిరే విమానమూ తిరుగుతుంది. తేడా అంతా గాలి వేగంలోనే.

దారిచూపు: గాలి సంగతి ఒప్పుకున్నా. కానీ గాలి తోస్తున్నప్పుడు కూడా ఏడు గంటలేంటి? దూరాన్ని వేగంతో భాగిస్తే రావాలి కదా.

నీలిమేఘం: టికెట్ మీద ఉండేది గాల్లో ఉండే టైమ్ కాదు. ఇక్కడ గేటు నుంచి కదిలిన దగ్గర్నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా లెక్క, దాన్నే బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా వెళ్లడం, అక్కడ క్యూ, దిగేముందు కొట్టే చక్కర్లు అన్నీ అందులోనే. పైగా మీరు చెప్పిన దూరం గ్లోబు మీద దారం లాగి పెట్టి కొలిచినట్టు కొలిచింది, విమానం అచ్చంగా ఆ గీత మీదే పోదు. 2022లో రష్యా తన గగనతలం మూసేశాక హెల్సింకి–టోక్యో తొమ్మిది గంటల చిల్లర నుంచి పదమూడుకి పోయింది. ఊళ్లేమైనా జరిగాయా?

సంధ్యారాగం: కాస్త ఆలస్యమైనా టైముకే వచ్చినట్టు ఉండాలని షెడ్యూల్లో కొంత అదనంగా కూడా వేస్తారు.

దారిచూపు: నేను మొదటి నుంచీ అంటున్నది అదే! కలుపుతున్నారని.

నీలిమేఘం: ఇంత చెప్పినా మళ్లీ అదే మాటా? భాగాహారం తప్ప ఇంకేదీ వినరా మీరు?

దారిచూపు: వినను. ఎందుకో చెప్తా. కిందటేడు రెండు విడి టికెట్లు కొన్నాను, మధ్యలో 55 నిమిషాలే. దూరాలు చూపించే ఒక సైట్‌లో మొదటి ఫ్లైట్ టైమ్ టికెట్ కంటే 40 నిమిషాలు తక్కువుంది. ముందే దిగేస్తాం, గంటన్నర దొరుకుతుందనుకున్నా. విమానం టైముకే దిగింది గానీ గేటు ఖాళీ లేదని పావుగంట పైనే బయట నిలబెట్టారు. పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి రెండో గేటు మూసేశారు. అద్దంలోంచి విమానం కనిపిస్తూనే ఉంది. అమ్మని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లేలోపు చూడాలని బయల్దేరాను, చూడలేకపోయాను.

సంధ్యారాగం: అయ్యో. అమ్మగారు ఇప్పుడెలా ఉన్నారండీ?

దారిచూపు: కోలుకున్నారు.

నీలిమేఘం: సంతోషం. ఇందాక గట్టిగా అన్నాను, ఏమీ అనుకోకండి. కానీ మాట మాత్రం మార్చుకోను. ఒకే బుకింగ్ అయితే తర్వాతి విమానం వాళ్లే చూసిపెట్టేవారు, విడి టికెట్లకి ఆ బాధ్యత ఉండదు. ప్రయాణం పెట్టుకునేవాళ్లు అది తెలుసుకోవాలి.

దారిచూపు: ఇది గాల్లో ఉండే టైమ్ మాత్రమే అని ఆ అంకె పక్కన ఒక్క ముక్క రాసుంటే నేను ముందు రోజే బయల్దేరేవాణ్ణి. తెలుసుకోవాల్సింది నేనే అంటారు మీరు. అంకె పెట్టినవాళ్లే చెప్పాలంటాను నేను.