టాంజానియా జీడి ఫ్యాక్టరీకి మూడు నెలలు పని మీద వెళ్ళాలి, 50 డాలర్ల వీసా సరిపోతుందా?

కాశీబుగ్గ_గ్రేడింగ్:

అందరికీ నమస్కారం. మాది కాశీబుగ్గ. పెళ్ళయి ఈ ఊరొచ్చిన దగ్గర నుంచీ జీడి పరిశ్రమలోనే పని. మొదట్లో పిక్కలు కొట్టేదాన్ని, తర్వాత పొట్టు తీయడం, ఇప్పుడు గ్రేడింగ్ బల్ల దగ్గర సూపర్‌వైజర్‌ని. గుండు పప్పు చేతిలో పడితే అది 240 సైజులోకి వెళ్తుందో 320 సైజులోకి వెళ్తుందో చూడకుండానే చెప్తాను. చదువు మాత్రం ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఇది మా అబ్బాయి టైప్ చేసి పెడుతున్నాడు.

మా ఓనరు గారికి తెలిసినవాళ్ళ ఫ్యాక్టరీ టాంజానియాలో మ్త్వారా అనే ఊళ్ళో ఉందట. అక్కడి ఆడవాళ్ళకి పొట్టు తీయడం, గ్రేడింగ్ నేర్పడానికి నన్ను పంపిస్తామంటున్నారు. ఫలక్‌నుమా రైల్లో హైదరాబాద్ వెళ్ళి, అక్కడ విమానం ఎక్కి, అడిస్ అబాబాలో మారి దారెస్సలాం చేరాలి. అక్కడ నుంచి మ్త్వారాకి ఇంకో చిన్న విమానం. అక్టోబరు 10న అక్కడ దిగేలా, జనవరి 12న తిరిగి బయల్దేరేలా చూస్తున్నారు, సంక్రాంతికి ఇంట్లో ఉండాలని నేనే పట్టుబట్టాను. నేను ఇంతవరకు విశాఖ ఎయిర్‌పోర్టు బయట నుంచి చూడటమే గాని లోపలికి వెళ్ళలేదు.

నా అనుమానాలు ఇవి. వీసా చేయించే ఏజెంటు 50 డాలర్లది చాలు, ఎవరడిగినా ఊరు చూడ్డానికి వచ్చానని చెప్పమంటున్నాడు. అది నాకు నచ్చడం లేదు. పదో తరగతి లేదు కాబట్టి నా పాస్‌పోర్టు ఈసీఆర్‌ది, అంటే కొన్ని దేశాలకి పనికి వెళ్ళాలంటే ముందు సర్కారు అనుమతి కావాలట, దాంతో అసలు పంపిస్తారా? ఏదో ఇంజెక్షన్ వేయించుకోకపోతే తిరిగొచ్చాక ఇక్కడ ఆపేస్తారని పక్కింటావిడ భయపెట్టింది. తిండి సంగతి సరేసరి. అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఎవరికీ చెప్పుకోలేని టెన్షన్‌గా ఉంది.

సోంపేట_మెకానిక్:

చెల్లెమ్మా, ముందు వీసా తేల్చుకోండి. మిగతావన్నీ బజారులో దొరికేవే.

ఏజెంటు మాట వినకండి. 50 డాలర్లది చూడ్డానికి, చుట్టాలింటికి వెళ్ళేవాళ్ళకి. జీతం మీకు పలాసలోనే ఇస్తున్నా సరే, అక్కడి ఫ్యాక్టరీలో నిలబడి పని నేర్పిస్తున్నారంటే వాళ్ళ లెక్కలో అది పనే. ఇలా తక్కువ రోజులకి మెషిన్ బాగుచేయడానికో, శిక్షణ ఇవ్వడానికో వచ్చేవాళ్ళకని బిజినెస్ వీసా వేరే ఉంది. అది 250 డాలర్లు. నేను పొట్టు తీసే మెషిన్లు బిగించడానికి వెళ్ళింది దాని మీదే. ఆ 200 డాలర్ల తేడా మిగుల్చుకోవడానికి ఏజెంటు మీ చేత అబద్ధం చెప్పిస్తున్నాడు. తేడా వస్తే ఇమిగ్రేషన్ వాళ్ళ ముందు నిలబడాల్సింది మీరు, వాడు కాదు.

అయినా ఆ అబద్ధం కూడా అతకదు. ఒంటరిగా, పెట్టె నిండా పచ్చళ్ళతో, మ్త్వారాకి టూరిస్టట! టూరిస్టులు సింహాలు చూడ్డానికి ఎక్కువగా వెళ్ళేది ఎక్కడో ఉత్తరాన సెరెంగెటీకి. మ్త్వారా చుట్టూ ఉన్నవి జీడి తోటలు. ఆ కౌంటర్లో కూర్చున్నవాడికి ఆ మాత్రం తెలియదా?

ఇంకో మాట. బిజినెస్ వీసా 90 రోజులకే. అక్టోబరు 10న దిగితే జనవరి 7తో నిండిపోతుంది. 12న టికెట్ అంటే గడువు దాటి ఉన్నట్టే. మూడు నెలలంటే మూడు నెలలే కదా అని ఓనర్లు వేళ్ళ మీద లెక్కేస్తారు, వాళ్ళు రోజుల్లో లెక్కేస్తారు. టికెట్ ముందుకి జరిపించండి. ఒకవేళ ఓనరు గారు ఇంకొన్నాళ్ళు ఉండమంటే అది ఇక వర్క్ పర్మిట్, క్లాస్ బీ రెసిడెన్స్ పర్మిట్ (ఉద్యోగానికి వచ్చేవాళ్ళు అక్కడ ఉండటానికి ఇచ్చేది) దాకా వెళ్తుంది. ఆ ఖర్చు, ఆ కాగితాలు ఫ్యాక్టరీవాళ్ళే చూసుకోవాలి.

వీసాకి ఆన్‌లైన్లో పెట్టండి. టాంజానియా ఇమిగ్రేషన్ వాళ్ళ సొంత సైటులోనే చేయమనండి, అడ్రసు చివర డాట్ జీఓ డాట్ టీజెడ్ అని ఉంటుంది. అచ్చం అలాగే కనపడే ప్రైవేటు సైట్లు ఎక్కువ డబ్బు గుంజుతాయి. ఫ్యాక్టరీవాళ్ళ దగ్గర నుంచి ఆహ్వానం లెటరు రావాలి. మీ పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. ఏం పని, ఎన్ని రోజులు, బస ఎవరిది, ఖర్చు ఎవరిది, అన్నీ అందులో రాయించండి. ఆ లెటరు, రిటర్న్ టికెట్, ఫ్యాక్టరీ మనిషి ఫోన్ నంబరు ప్రింటు తీసి చేతి బ్యాగులో పెట్టుకోండి. ఫోన్లో ఉంది కదా అనుకోవద్దు. దిగేసరికి చార్జింగ్ అయిపోతుంది, ఎప్పుడూ అంతే.

ఈసీఆర్ గురించి భయం లేదు. ఆ అనుమతి కావాల్సింది 18 దేశాలకే. గల్ఫ్ దేశాలు, ఇంకొన్ని. ఆఫ్రికా నుంచి అందులో ఉన్నవి లిబియా, సూడాన్, దక్షిణ సూడాన్. టాంజానియా లేదు. హైదరాబాద్ ఇమిగ్రేషన్ కౌంటర్లో రెండు ప్రశ్నలు ఎక్కువ అడగొచ్చు, ఆ లెటరు చూపించి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే మళ్ళీ వీసా సరైనదై ఉండాలి, అందుకే మొదట అదే చెప్పాను.

శ్రీకాకుళం_సిస్టర్:

అక్కా, పక్కింటావిడ చెప్పింది ఎల్లో ఫీవర్ టీకా గురించి. ఆ జబ్బున్న దేశాల నుంచి గాని, వాటి మీదుగా గాని ఇండియాకి వచ్చేవాళ్ళని ఎయిర్‌పోర్టులో ఆ టీకా వేయించుకున్నట్టు చూపే పసుపు కార్డు అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్లో ఉంచొచ్చు. మీరు మారేది అడిస్ అబాబాలో, ఇథియోపియా ఆ జాబితాలో ఉంది. ఎయిర్‌పోర్టు దాటి బయటికి వెళ్ళలేదని అక్కడ వాదించుకుంటూ కూర్చునే బదులు వేయించుకుని వెళ్ళడమే మేలు. ఈ టీకా ఏ ఆసుపత్రిలో పడితే ఆ ఆసుపత్రిలో వేయరు, ప్రభుత్వం గుర్తించిన సెంటర్లలోనే. మనకి దగ్గర విశాఖలో పోర్టు హెల్త్ ఆఫీసు. రోజూ వేయరు, ముందు ఫోన్ చేసి రోజు కనుక్కుని, పాస్‌పోర్టు పట్టుకుని వెళ్ళండి. వేసిన పది రోజులకి గాని కార్డు చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. కోడిగుడ్డు పడనివాళ్ళు ముందే చెప్పాలి.

నాకు అంతకంటే ముఖ్యం అనిపించేది మలేరియా. సీతంపేట ఏజెన్సీ వైపు పనిచేశాను కాబట్టి మలేరియా అంటే ఏంటో నాకు తెలుసు. అక్కడ క్లోరోక్విన్ పనిచేయదు. వెళ్ళే ముందు నుంచే వాడే మాత్రలు వేరే ఉంటాయి. కొన్ని రోజూ, కొన్ని వారానికొకటి. తిరిగొచ్చాక కూడా కొన్నాళ్ళు ఆపకూడదు. ఏది వాడాలో డాక్టరే రాయాలి. అయితే మీది కాశీబుగ్గ కదా, మాత్రలు రాయించుకునే ముందు క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష) చేయించుకోండి. మన ఉద్దానంలో ఎంతమందికి కిడ్నీలు పాడవుతున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అనే మాత్ర కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి నివారణకి ఇవ్వకూడదు. పలాసలోనే కిడ్నీ ఆసుపత్రి ఉంది, రిపోర్టు తీసుకుని డాక్టరుకి చూపించండి. రోజంతా బల్ల దగ్గర కూర్చుంటే నడుం నొప్పి వస్తుంది కదా, దానికని నొప్పి మాత్రలు పొట్లం కట్టుకుని వెళ్ళి రోజూ మింగొద్దు.

బీపీ మాత్రలు ఏవైనా వాడుతుంటే మూడు నెలలకి సరిపడా, స్ట్రిప్పులతోనే, డాక్టరు చీటీతో పట్టుకెళ్ళండి. తిరిగొచ్చాక సంక్రాంతి అయిపోయి ఎన్ని రోజులైనా సరే, జ్వరం వస్తే ఆఫ్రికా నుంచి వచ్చానని డాక్టరుకి మొదటి మాటగా చెప్పాలి. పండగ తిరుగుడుకి వచ్చిన జ్వరం అనుకుని పారాసిటమాల్ వేసుకుని పడుకోవద్దు.

బొబ్బిలి_టు_దార్:

పిన్నిగారూ, నేను దారెస్సలాంలో అకౌంట్స్ చూస్తాను. టైము గురించి ఒకటి చెప్పాలి, ఇది ఎవరూ ముందు చెప్పరు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక, అది సరే. కానీ స్వాహిలిలో మాట్లాడేటప్పుడు గంటలు పొద్దు పొడిచిన దగ్గర నుంచి లెక్కేస్తారు. మన లెక్కలో ఉదయం ఏడంటే వాళ్ళ మాటలో ఒంటి గంట. ఫ్యాక్టరీలో ఎవరైనా 'సా మ్బిలి' అంటే మాటకి రెండు గంటలే గాని, రమ్మనేది ఉదయం ఎనిమిదికి. ఆరు కలుపుకోండి. మీ దగ్గర పని నేర్చుకునే ఆడవాళ్ళు ఇలాగే మాట్లాడతారు, మేనేజర్లు ఇంగ్లీషు లెక్క మాట్లాడతారు. మొదటి వారం ఇద్దరినీ వేళ్ళతో చూపించమని అడగండి.

పెద్దవాళ్ళు కనపడితే 'షికామో' అనాలి. మిమ్మల్ని చూసి చిన్నపిల్లలు అంటారు, 'మరహబా' అని బదులివ్వండి. ఈ ఒక్కటి వస్తే సగం పని అయినట్టే.

డాలర్లు తీసుకెళ్ళేటప్పుడు కొత్త నోట్లే అడగండి. 2009కి ముందు ముద్రించినవి, చిరిగినవి, గీతలున్నవి మార్చడానికి చాలాచోట్ల ఒప్పుకోరు. పెద్ద నోట్లకి రేటు బాగుంటుంది. అక్కడ కొనేవన్నీ షిల్లింగుల్లోనే. మన ఫోన్‌పే అక్కడి కొట్లలో పనిచేయదు, అందరూ ఎం-పెసా, ఎయిర్‌టెల్ మనీ వాడతారు. ఎయిర్‌టెల్ అక్కడా ఉంది గాని మన సిమ్ అక్కడి సిమ్ అయిపోదు. పాస్‌పోర్టు, వేలిముద్ర ఇచ్చి కొత్తది తీసుకోవాలి. ఇక్కడి సిమ్‌కి బయల్దేరే ముందే రోమింగ్ పెట్టించండి, లేకపోతే బ్యాంకు ఓటీపీలు రావు. ప్లగ్గుకి మూడు చదరపు పుల్లలుంటాయి, ఒక అడాప్టర్ కొనుక్కోండి.

కాశీబుగ్గ_గ్రేడింగ్:

అన్నయ్యగారూ, సిస్టర్ గారూ, బాబూ, అందరికీ దండాలు. 90 రోజుల లెక్క ఓనరు గారికి క్యాలెండర్ మీద పెట్టి చూపించాను. కాసేపు గొణిగి టికెట్ జనవరి 5కి మార్పించారు. బిజినెస్ వీసాకే పెడుతున్నారు, లెటరు కూడా వచ్చింది. కానీ అందులో నా ఇంటి పేరు తప్పు పడింది, మళ్ళీ పంపమని అడిగాం. క్రియాటినిన్ చేయించుకున్నాను, బాగానే ఉంది. టీకాకి వచ్చే వారం విశాఖ వెళ్తున్నాం.

ఇక తిండి, సామాను. కందిపొడి, చింతకాయ పచ్చడి, ఎండు కొబ్బరి చిప్పలు, వడియాలు పెడదామనుకుంటున్నాను. అన్నీ పాలిథిన్ కవర్లలో గట్టిగా కట్టేస్తే చాలా? పిక్కలు కొట్టేవాళ్ళకి చేతులకి రాసుకోవడానికి ఆముదం కూడా ఇక్కడి నుంచే పట్టుకెళ్ళాలా?

సోంపేట_మెకానిక్:

పాలిథిన్ కవర్లు వద్దు చెల్లెమ్మా. టాంజానియాలో 2019 జూన్ నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం, బయటి నుంచి వచ్చేవాళ్ళ పెట్టెల్లో ఉన్నా తీసేయమంటారు. మూత గట్టిగా పట్టే డబ్బాల్లో పోసి, మూత చుట్టూ టేపు వేసి, గుడ్డ సంచుల్లో పెట్టండి. పచ్చడి చెక్-ఇన్ పెట్టెలోనే, చేతి బ్యాగులో వద్దు. ఎండు కొబ్బరి తీసేయండి. అందులో నూనె ఉంటుంది, అంటుకుంటుందని మన ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. పోతే పోనివ్వండి, మ్త్వారా కూడా ఉద్దానంలాగే సముద్రం ఒడ్డున కొబ్బరిచెట్ల ఊరు. కూరల్లో కొబ్బరిపాలు పోసి తోటకూర వండుతారు, మ్చిచా అంటారు, మనకి బాగా పడుతుంది. అన్నం దొరుకుతుంది, చేపలు బోలెడు. ఉగాలి అని మొక్కజొన్న పిండి ముద్ద పెడతారు, చప్పగా ఉంటుంది, మీ కందిపొడి దానికే పనికొస్తుంది. పోపు సామాను దారెస్సలాంలో కిసుతు వైపు గుజరాతీల కొట్లలో ఉంటుంది. మ్త్వారాలో మాత్రం వెతుక్కోవాలి, ఆవాలు, మెంతులు ఇక్కడి నుంచే పెట్టుకోండి.

ఆముదం ఒక చిన్న సీసా చాలు, అదీ చెక్-ఇన్లోనే. కొట్టేవాళ్ళకి చేతి తొడుగులు ఇవ్వాల్సింది ఫ్యాక్టరీవాళ్ళు. వెళ్ళిన మొదటి రోజే అడగండి. జీడి అంటుకుని చేతులు పొక్కితే పని మానేస్తారు, అప్పుడు మీరెవరికి నేర్పుతారు? అక్కడి సర్కారు పిక్కలు పచ్చివిగా మనకీ వియత్నాంకీ పంపేసే బదులు అక్కడే కొట్టించాలని చూస్తోంది, అందుకే మీలాంటివాళ్ళని పిలుస్తున్నారు. మీరు వెళ్ళేసరికి పంట మొదలవుతుంది, మన ఉద్దానం పంట ఎండాకాలంలో అయితే వాళ్ళది అక్టోబరు నుంచి. సొసైటీ గోదాముల దగ్గర బస్తాలు, వేలంపాటలు, అంతా హడావిడి. వీలైతే ఒకసారి గోదాము చూపించమనండి. పిక్కలు కోసి లోపలి పప్పు ఎలా ఉందో చూసే కోత పరీక్ష వాళ్ళెలా చేస్తారో చూస్తే మీకు సరదాగా ఉంటుంది. కానీ నమూనాకని పచ్చి పిక్కలు పెట్టెలో వేసుకుని రావొద్దు, విత్తనాలు అలా తేనివ్వరు.

రువుమా నది అవతల మొజాంబిక్. ఆ అవతలి జిల్లాల్లో గొడవలున్నాయి. సెలవు రోజు నది చూద్దామని ఎవరైనా పిలిచినా సరిహద్దు వైపు వెళ్ళకండి.

కాశీబుగ్గ_గ్రేడింగ్:

కొబ్బరి తీసేశాను. దాని బదులు మా అత్తగారు ఇంకో డబ్బా చింతకాయ పచ్చడి కలుపుతున్నారు. వీసా వచ్చాక ఇక్కడే చెప్తాను.