పైన ఫ్రీజర్‌లో ఐస్ కడుతోంది, కింద చల్లదనం లేదు. గ్యాస్ అయిపోయిందంటున్నారు, నిజమేనాండి?

రాజోలు కుర్రాడు:
అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇంట్లో డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్, 260 లీటర్లు, కొని ఏడేళ్లయింది. పది రోజుల్నుంచి పైన ఐస్ బాగానే గడ్డకడుతోంది గానీ కింద అరల్లో చల్లదనమే లేదు, పొద్దున్న కాచిన పాలు సాయంత్రానికి విరిగిపోతున్నాయి, మొన్న ఆదివారం చింతకాయ రొయ్యల కూర మిగిలితే లోపల పెట్టేం, మర్నాడు మూత తీస్తే వాసనొచ్చేసింది. మోటారు మాత్రం ఆగకుండా నడుస్తూనే ఉంది. కూరగాయల ట్రే కింద నీళ్లు కూడా నిలబడుతున్నాయి. మొదట్లో ఫ్రీజర్ లోపల్నుంచి టకటకా ఏదో తగులుతున్న శబ్దం వచ్చేది, ఇప్పుడు అదీ లేదు.
మెకానిక్ వచ్చి వెనకాల చెయ్యి పెట్టి చూసి, రెండు నిమిషాల్లో గ్యాస్ అయిపోయింది 3500 అవుద్ది అన్నాడు. పైన ఐస్ కడుతుంటే గ్యాస్ లేకపోవడం ఏంటని నా అనుమానం. నాన్నగారి ఇన్సులిన్ ఇందులోనే పెడతాం, ప్రస్తుతానికి పక్కింట్లో పెట్టేం, కంగారంతా దానికేనండి. కాస్త తెలిసినోళ్లు చెప్పండి.

నరసాపురం మెకానిక్:
బాబూ ముందు ఇన్సులిన్ మాట. కింద చల్లగా లేదని దాన్ని పైన ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి, ఒకసారి గడ్డకట్టిందంటే ఇక పనిచెయ్యదు, పారెయ్యాల్సిందే. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, పక్కింట్లో పెట్టి మంచి పని చేసేరు.
ఇక ఫ్రిజ్ సంగతి. మీరు చెప్పినవన్నీ చూస్తే నాకు గ్యాస్ కన్నా డీఫ్రాస్ట్ మీదే, అంటే మంచు కరిగించే ఏర్పాటు మీదే అనుమానం. ఫ్రాస్ట్ ఫ్రీలో చలి పుట్టేది ఒక్కచోటే, ఫ్రీజర్ వెనక ప్లాస్టిక్ ప్యానెల్ చాటున ఉండే కాయిల్ దగ్గర. అక్కడున్న చిన్న ఫ్యానే ఆ చల్లగాలిని కిందకి తోస్తుంది. కాయిల్ మీద పేరుకున్న మంచుని కరిగించడానికి కొన్ని గంటలకోసారి హీటర్ వెలగాలి. అది వెలగలేదంటే మంచు పెరిగి పెరిగి గాలి దారి మూసుకుపోతుంది, అప్పుడు పైన గడ్డకడుతూనే ఉంటుంది కింద మాత్రం వేడిగా ఉంటుంది. మీరు విన్న టకటక ఫ్యాన్ రెక్క మంచుకి తగలడం అయ్యుంటుంది, ఇప్పుడు శబ్దం లేదంటే మంచు దాన్ని పట్టేసిందన్నమాట. ట్రే కింద నీళ్లేమో కరిగిన నీరు పోయే గొట్టం పూడుకుపోయి.
ఊహల మీద డబ్బులు పెట్టొద్దు, ప్యానెల్ విప్పి కాయిల్ చూడమనండి. కాయిల్ అంతా దట్టంగా తెల్లగా మంచు కప్పేసి ఉంటే డీఫ్రాస్ట్ పోయింది. ఒక మూల రెండు మూడు చుట్ల మీదే మంచుండి మిగతాదంతా బోసిగా ఉంటే అప్పుడు గ్యాస్ తక్కువైనట్టు. వెనక చెయ్యి పెట్టి చూసి గ్యాస్ లేదని చెప్పడం నేనైతే చెయ్యను.
మంచుని చాకుతోగానీ స్క్రూడ్రైవర్‌తోగానీ పొడవకండి, కాయిల్ చిల్లు పడిందంటే నిజంగానే గ్యాస్ పోతుంది. ఈమధ్య ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఆర్600ఏ వస్తోంది, అది మండే గ్యాస్. ప్లగ్ తీసేసి రెండు తలుపులూ తెరిచి 24 గంటలు వదిలెయ్యండి, కింద గుడ్డలు పరుచుకోండి. తర్వాత ఆన్ చేస్తే కిందా పైనా బాగా చల్లబడి, మళ్లీ వారం పది రోజులకి మొదటికొస్తే డీఫ్రాస్టే అని గట్టిగా అనుకోవచ్చు.

అంతర్వేది వైపు:
పైన అన్నగారు చెప్పింది కరెక్టే గానీ మా ఇంట్లో జరిగింది వేరు, అందుకే రాస్తున్నాను. మాది సముద్రానికి దగ్గర, ఉప్పు గాలికి సైకిల్ గొలుసు కూడా నాలుగు రోజుల్లో తుప్పెక్కుద్ది. మా ఫ్రిజ్‌కి కింద పైపు తుప్పుకి చిల్లు పడి నిజంగానే గ్యాస్ పోయింది, ఆ చోట నూనె మరక కనపడింది. మొదట వచ్చినాయన లీకు ఎక్కడో వెతక్కుండా గ్యాస్ కొట్టేసి వెళ్లిపోయేడు, రెండు నెలలకి మళ్లీ పోయింది, మళ్లీ కొట్టించేం, మళ్లీ పోయింది. మూడోసారి వచ్చినాయన నైట్రోజన్ పెట్టి లీకు పట్టుకుని, పైపు మార్చి, గొట్టాల్లో చెమ్మ పీల్చే డ్రయ్యర్ కొత్తది వేసి, లోపలి గాలంతా లాగేసి వ్యాక్యూమ్ చేసి అప్పుడు గ్యాస్ ఎక్కించేడు, అప్పట్నుంచి ఇబ్బంది లేదు. సీలు చేసిన గొట్టాల్లో గ్యాస్ వాడితే తరిగేది కాదండి, తగ్గిందంటే ఎక్కడో చిల్లున్నట్టే. లీకు చూపించమని అడగండి.

భీమవరం అక్క:
తమ్ముడూ మీ చుట్టుపక్కల రొయ్యల చెరువులున్నాయా? మాకు రాత్రిళ్లు చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లన్నీ ఒక్కసారే తిరిగితే వోల్టేజీ పడిపోయేది, ఫ్రిజ్ మోటారు టిక్కుమని ఆగిపోయేది, స్టెబిలైజర్ పెట్టేకే కుదురుకుంది. నీది ఆగకుండా నడుస్తోంది కాబట్టి అది కాకపోవచ్చు, అయినా మీటర్ పెట్టి చూసుకో. తలుపు రబ్బరు కూడా చూడు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే బిగువుగా రావాలి, ఊరికే జారిపోతే అక్కణ్ణుంచి గాలి లోపలికెళ్తోందన్నమాట. మన డెల్టా గాల్లో చెమ్మెక్కువ కదా, ఆ చెమ్మంతా లోపల మంచైపోద్ది.

రాజోలు కుర్రాడు:
అందరికీ చాలా థాంక్సండి. ముందు ప్యానెల్ విప్పించేను. కాయిల్ అసలు కనపడలేదు, అంతా మంచు గోడే, ఫ్యాన్ సగం అందులో కూరుకుపోయింది. 24 గంటలు తెరిచి ఉంచేం, రెండు బకెట్ల గుడ్డలు పిండేం. ఇప్పుడు కింద పాలు చల్లగా ఉన్నాయి! కానీ మీరన్నట్టు మళ్లీ కడుతుందేమో కదా. మా బావ ఎలక్ట్రీషియన్, మీటర్ ఉంది, ఏం చూడమంటారు? వాడు బైమెటల్‌కి, అంటే చలిని బట్టి హీటర్‌ని కలిపే చిన్న స్విచ్చికి, మీటర్ పెట్టి చూసి కంటిన్యుటీ (కరెంటు దారి) రావట్లేదు పోయింది అంటున్నాడు.

నరసాపురం మెకానిక్:
ఆగండాగండి, బైమెటల్ పారెయ్యకండి. అది మామూలు గది వేడిలో కంటిన్యుటీ చూపించదు, అలా ఉండటమే సరైన లక్షణం. బాగా చల్లబడ్డాకే కలుస్తుంది. తీసి ఫ్రీజర్‌లో ఐస్ మధ్య ఓ అరగంట పెట్టి, బయటికి తీసిన వెంటనే చూడమనండి, అప్పుడూ కలవకపోతేనే పోయినట్టు. హీటర్ మరీ వేడెక్కితే తెగిపోయే ఫ్యూజ్ ఒకటుంటుంది, అది మాత్రం ఎప్పుడు చూసినా కలిసే ఉండాలి. హీటర్‌కి కొన్ని వందల ఓమ్స్ వస్తే బాగున్నట్టే, అసలేమీ రాకపోతే తెగిపోయింది. ఇవన్నీ ప్లగ్ పీకేకే. ఈ మూడూ బాగుంటే అప్పుడు హీటర్‌ని వేళకి వెలిగించే టైమరో బోర్డో చూడాలి. ఫ్యూజ్ పోయిందని వైరు కలిపేసి డైరెక్ట్ చెయ్యొద్దు, హీటర్ ఆగకపోతే లోపల ప్లాస్టిక్ కాలిపోద్ది.

రాజోలు కుర్రాడు:
ఫ్యూజేనండి! బైమెటల్ ఐస్‌లో పెట్టి చూస్తే కలిసింది, హీటరూ బాగుంది. అయినా ఫ్యూజు, బైమెటల్ రెండూ ఒకే సెట్టులో దొరికితే కలిపే మార్చేసేం, నీళ్ల గొట్టంలో వేడినీళ్లు పోసి పూడిక తీసేం, అంతా కలిపి 400 లోపే అయింది. ఇవాళ్టికి పదిహేనో రోజు, నిన్న మళ్లీ ప్యానెల్ తీసి చూస్తే కాయిల్ మీద పల్చగా నూగులాంటి మంచు తప్ప ఏం లేదు. కింద అరలో థర్మామీటర్ పెడితే 4 చూపిస్తోంది. ఇన్సులిన్ మా ఇంటికి తెచ్చేసుకున్నాం. భీమవరం అక్కా, కింద తలుపు రబ్బరు ఓ మూల వదులుగానే ఉంది, ఈ ఆదివారం అది కూడా మార్పించేస్తాను.